వజ్రకరూరు చేలల్లో వెదకులాట

ఈ నెల ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా సంగతితో మొదలుపెట్టవలసి వచ్చింది.

మా సంఘంలో పుట్టి పెరిగి, సండే స్కూలులో కంఠత వాక్యాలకు ఏటేటా బహుమతి తీసుకున్న ఒక అబ్బాయి ఇప్పుడు ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న వేసవిలో సెలవు మీద వచ్చాడు. ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత వాళ్ల అవ్వను వెంటబెట్టుకొని మా ఇంటికి భోజనానికి వచ్చి, తన ఫోనులో ఒక ఫోటో చూపించాడు. అది మాన్లీ అనే సముద్రతీరం. పొడవాటి పలక మీద నిలబడి, విరిగే అలతోపాటు ఒడ్డుకు జారుకుంటూ వచ్చే ఆటను సర్ఫింగ్ అంటారు. 1964లో దాని ప్రపంచ పోటీలు జరిగింది ఆ తీరంలోనేనట. ఫోటోలో వెనుక అంతా నీలి నీళ్లు, పలకలు, జనం. మనవాడు మాత్రం సముద్రం వైపు చూడడం లేదు. అలలకు వీపు పెట్టి, ఒక రాళ్ల సందులో మోచేతిదాకా చెయ్యి పెట్టి దేనికోసమో దేవులాడుతున్నాడు.

దొరికింది సద్ది డబ్బాకంటే చిన్న డబ్బా. లోపల ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, పిల్లలాడుకునే రెండు బొమ్మలు. ఆ పుస్తకంలో తన పేరు, తేదీ వ్రాసి, డబ్బాను ఎప్పటిలాగే మూసి, మళ్లీ ఆ సందులోనే పెట్టి వచ్చాడట. అంతే ఆట. దీనిని జియోకాషింగ్ అంటారు. దాచిన చోటు అక్షాంశ రేఖాంశాలు తెలియజేస్తారు. ఫోను పట్టుకొని ఆ చోటిదాకా పోవచ్చు. అక్కడ ఫోను పని అయిపోతుంది. చివరి నాలుగైదు మీటర్లు మన కన్నే వెదకాలి.

ఇది పుట్టిన విధానం కూడా వినదగినదే. అమెరికావారు ఆకాశంలో తిప్పే జి.పి.ఎస్. ఉపగ్రహాల సంకేతాలలో, సైన్యం అవసరాన్ని బట్టి, కావాలనే కొంత తప్పు కలిపి వదిలేవారు. అందువలన సామాన్యుని చేతిలోని యంత్రం వంద మీటర్లదాకా అటూ ఇటూ చూపేది. 2000వ సంవత్సరం మే నెల మొదట్లో ఆ తప్పును తీసివేశారు. వెంటనే, మే 3వ తేదీన, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ దగ్గర చెట్లలో ఒక నల్ల బకెట్టు పెట్టి, అది ఉన్న చోటు లెక్కను నలుగురికీ తెలిపాడు. అందులో పుస్తకాలు, వీడియోలు, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా ఉన్నాయి. ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టాలన్నది నియమం. కొద్ది రోజులలోనే ఎవరో కనుక్కొన్నారు. ఇప్పుడు నూట తొంభై దేశాలకు పైగా ఇలాంటి డబ్బాలు ముప్పై లక్షలదాకా ఉన్నాయి. అయితే ఇందులో పూర్తిగా కొత్తదేమీ లేదు. ఇంగ్లండులో డార్ట్‌మూర్ అనే బీడు పీఠభూమి ఉంది. 1854లో అక్కడ దారి చూపే జేమ్స్ పెరట్ అనే ఆయన క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక సీసా పెట్టాడు. అంత దూరం నడిచి వచ్చినవారు తమ పేరు చీటీలు అందులో వేసి పోయేవారు.

అంతా విన్న అవ్వ కంచంలో చెయ్యి ఆపి, “ఇంతేనా నాయనా? దీనికి సముద్రం దాటి పోవల్లనా? మా కాలంలో వజ్రకరూరు చేలల్లో మేము ఎన్ని పొద్దులు దేవులాడలేదు! అయితే దొరికింది మళ్లీ ఆడనే పెట్టేసి వచ్చే మారాజులు మాలో ఎవరూ లేరప్పా” అన్నది.

“నీకు ఎప్పుడైనా దొరికిందా అవ్వా?” అని మేము అడిగాము.

“దొరికింది. నడుంనొప్పి.”

ఆ సంవత్సరం వి.బి.ఎస్. చివరి రోజున ఆ అబ్బాయి మా పిల్లలచేత ఈ ఆట ఆడించాడు. ఊరి వెనుక గుట్ట మీద తొమ్మిది డబ్బాలు దాచాము. తవ్వకూడదు, చెట్టు విరవకూడదు, గుడి దగ్గరగాని పాత గోడల దగ్గరగాని పెట్టకూడదు, రాతి సందులోగాని తుమ్మ మొదట్లోగాని మాత్రమే పెట్టాలి అని కట్టడి చేశాము. పిల్లలు గుంపులుగా ఫోన్లు పట్టుకొని గుట్టెక్కిన అరగంటకే ఊరి పెద్దమనుషులు ఇద్దరు ఆయాసపడుతూ మా దగ్గరికి వచ్చారు. “ఏం అయ్యగారూ, నిధి కోసం తవ్విస్తాండారంటనే? మాకు చెప్పనే లేదే?”

మాకు నవ్వు వచ్చింది గాని, వారి భయం ఊరికే పుట్టింది కాదు. మన సీమలో గుత్తి, పెనుకొండ, రాయదుర్గం లాంటి కోటలున్న గుట్టల మీద, పాడుబడిన గుళ్లలో రాత్రిపూట తవ్వి పోయేవారి సంగతి అందరికీ తెలిసినదే. వ్యక్తులే కాదు, ప్రభుత్వమే తవ్వించిన సందర్భం కూడా ఉంది. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని చెన్నంపల్లి కోటలో అధికారుల ఎదుటనే తవ్వకాలు జరిగాయి. ఎముకలు, పాత ఇటుకలు బయటపడ్డాయి గాని బంగారం పడలేదు. భూమిలో దాచిన వస్తువు పది రూపాయల విలువకు మించినది దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. పెద్దమనుషులను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఒక డబ్బా తెరిచి చూపించాము. లోపలున్న పెన్సిలు, చాక్లెట్టు చూసి వారు మా వైపు జాలిగా చూశారు. ఇంత పెద్దవాళ్లు ఇంత చిన్నదానికి పిల్లలను ఎండలో తిప్పుతున్నారే అని కాబోలు.

అబ్బాయి సిడ్నీకి వెళ్లిపోయాడు. జూన్ నెలలో తొలకరి పడింది. రెండు మంచి వానల తరువాత అవ్వే కబురు పెట్టింది, “వజ్రకరూరికి పోయొద్దామా అమ్మగారూ? ఒక్కసారి చూసొస్తా” అని. మేమిద్దరం ఆమెను తీసుకొని బయలుదేరాము.

వజ్రకరూరు గుంతకల్లుకూ ఉరవకొండకూ నడుమ ఉన్న మండల కేంద్రం. ఊరి పేరులోనే వజ్రం ఉంది. మన అనంతపురం సీమకు నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, తూర్పు మేఘాలు ఇక్కడికి వచ్చేసరికి అలసిపోతాయి. సంవత్సరమంతా కలిపితే సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ కొద్ది వాన మొదటిసారి నేలను తాకగానే ఇక్కడ రెండు రకాల జనం చేలలోకి దిగుతారు. ఒకరు విత్తేవారు, మరొకరు వెదికేవారు.

మేము చేరేసరికి ఉదయం ఎనిమిది కాలేదు. ఎర్రనేల చేలల్లో, వంకల పక్కన, బీళ్లలో ఎక్కడ చూసినా వంగిన వీపులే. భార్యాభర్తలు, ముసలివారు, చంకన పిల్లలున్న తల్లులు, కాలేజీ కుర్రవాళ్లు కనబడ్డారు. కర్నూలు, కడప వైపు నుండే కాక కర్ణాటకలోని బళ్లారి వైపు నుండి కూడా వచ్చారు. చింతచెట్ల కింద పట్టలు కట్టుకొని, మూడు రాళ్ల మీద వంట చేసుకుంటున్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. అడుగు తీసి అడుగు వేస్తూ, తలెత్తకుండా, ఒక్కొక్క గులకరాయినీ కంటితో తడిమి పోతారు. పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు రాయి మెరుపు తెలుస్తుందట. అందుకని నడిమధ్యాహ్నం చెట్ల కిందికి చేరి, ఎండ వాలినాక మళ్లీ దిగుతారు. తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర వైపు చేలలోనూ ఇదే తంతు.

సముద్రతీరంలో అల వచ్చి పోయినాక ఇసుక మీద గవ్వలు తేలినట్టు, వాన వచ్చి పోయినాక ఈ నేల మీద రాళ్లు తేలుతాయి. మట్టి కొట్టుకుపోతుంది, బరువైన రాయి నిలుస్తుంది. వజ్రం అదే పరిమాణపు పలుగురాయికంటే దాదాపు మూడోవంతు ఎక్కువ బరువు. అసలు ఇక్కడికి అది ఎట్లా వచ్చిందంటే, భూమి అడుగున సుమారు 150 కిలోమీటర్ల లోతులో, మన ఊహకందని ఒత్తిడిలో, బొగ్గులో ఉండే కర్బనమే వజ్రంగా గట్టిపడింది. తరువాత ఎప్పుడో అగ్నిపర్వతంలాంటి పేలుడు దానిని గొట్టంలాంటి దారిలో పైకి తన్నింది. ఆ గొట్టంలో గట్టిపడిన రాతిని, దక్షిణాఫ్రికాలోని కింబర్లీ ఊరి పేరుతో, కింబర్లైట్ అంటారు. వజ్రకరూరు చుట్టుపక్కల భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారు, ఇతరులు ఇటువంటి గొట్టాలను చాలా గుర్తించారు. వాటి వయస్సు సుమారు 110 కోట్ల సంవత్సరాలని వారి లెక్క. ఈ లెక్క చెప్పినప్పుడు మా సంఘ పెద్దలలో ఒకరిద్దరు కనుబొమలు ముడిచారు. వెయ్యేండ్లు దేవుని దృష్టికి ఎంతపాటివో 90వ కీర్తన చెబుతున్నది గదా, ఇక కోట్లతో మనకేమి పేచీ అని మేము అన్నాము.

పెట్టె లేకుండా ఆడే ఆట కూడా ఒకటి ఉందని మనవాడు చెప్పాడు. భూమి ఎట్లా ఏర్పడిందో తెలిపే రాళ్ల దగ్గరికి దారి చూపిస్తారు. అక్కడ దాచినదేమీ ఉండదు. ఆ రాతినే చూసి, రెండు మూడు ప్రశ్నలకు జవాబు కనుక్కోవాలి. అటువంటి మొదటి చోటును 2004 జనవరిలో సిడ్నీకి దక్షిణాన మురమరాంగ్ సముద్రతీరంలో గుర్తించారు. మన వజ్రకరూరు ఆ పట్టీలోకి ఎక్కదగినది కాదా అని మాకు అనిపించింది. కాని ఇక్కడికి వచ్చేవారిలో రాయిని చూసి పోదామని వచ్చేవారు ఎందరు?

దొరకడం అబద్ధం కాదు. 1881లో ఈ ఊరి దగ్గర 67 క్యారెట్లకు పైబడిన రాయి దొరికింది. సానబట్టిన తరువాత 24 క్యారెట్ల పైచిలుకు మిగిలింది. క్యారెట్ అంటే గ్రాములో ఐదోవంతు, అంటే మన చెనక్కాయ పప్పు ఒక్కటి సుమారు రెండు క్యారెట్లు తూగుతుంది. ఆ రాయి సంగతి విని 1880లలో షపేర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సైతం ఇక్కడికి వచ్చాడు. ఇప్పటికీ ప్రతి జూన్‌లో ఏదో ఒక పల్లెలో కూలికి పోయినవారికి రాయి దొరికిందనీ, లక్షలకు అమ్ముడుపోయిందనీ పత్రికలలో చదువుతూనే ఉన్నాము. ఆ ఒక్క వార్తే వంద కుటుంబాలను మరుసటి ఏడు బయలుదేరదీస్తుంది. దొరకక తిరిగి వెళ్లినవారి సంగతి ఏ పత్రికలో వస్తుంది? మరొక సంగతి కూడా గమనించండి. ఇన్ని గొట్టాలు గుర్తించినా, ఇంతకాలం పరిశోధించినా, వజ్రకరూరులో పెద్ద గని ఏదీ నడవడం లేదు.

మేము చెట్టు కింద కూర్చున్నవారితో మాట్లాడినప్పుడు తెలిసినదేమంటే, రాయిని పరీక్షించే విషయంలో చాలామంది మోసపోతున్నారు. మా చదువరులలో వెళ్లేవారు ఉన్నారని మాకు తెలుసు గనుక ఇది వ్రాస్తున్నాము. గాజు మీద గీత పడితే వజ్రమే అనుకుంటారు. పలుగురాయి కూడా గాజును గీస్తుంది. సుత్తితో కొట్టినా పగలనిదే వజ్రమంటారు. ఇది మరీ ప్రమాదం. వజ్రాన్ని మరొకటి గీయలేదన్నది నిజమే గాని, సుత్తి దెబ్బకు అది పగులుతుంది. దొరికిన అదృష్టాన్ని మన చేతులతోనే ముక్కలు చేసుకున్నట్టవుతుంది. వజ్రానికి నీళ్లు అంటవు, గ్రీజు అంటుకుంటుంది. ఆఫ్రికా గనులలో కంకరను గ్రీజు పూసిన బల్లల మీద నీళ్లతో పారించి వజ్రాలను ఏరింది ఈ గుణాన్ని బట్టే. ఇది కూడా ఇంట్లో తేల్చుకొనే పరీక్ష కాదు. తెలిసినవారి చేత యంత్రంతో చూపించుకోవడమే దారి.

ఆ తెలిసినవారు ఎవరన్నదే చిక్కు. సాయంత్రం చేల గట్ల మీద మోటారు సైకిళ్లు ఆగుతాయి. దిగినవారు ఎవరినీ ఏమీ అడగరు, ఊరికే నిలబడతారు. దొరికినవాడే మెల్లగా వారి దగ్గరికి పోతాడు. వాడికి భయం, చూసినవారు లాక్కుంటారేమో, పోలీసులు వస్తారేమో, పొలం ఆసామి నాదంటాడేమో అని. భయపడేవాడు బేరమాడలేడు. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో వేరే పద్ధతి ఉంది. అక్కడ ఎవరైనా ప్రభుత్వానికి కొద్దిపాటి రుసుము కట్టి, 8 మీటర్ల పొడవు 8 మీటర్ల వెడల్పు నేల తవ్వుకోవచ్చు. దొరికిన రాయిని వజ్రాల కార్యాలయంలో అప్పగిస్తే, వేలం వేసి, ప్రభుత్వం వంతు తీసుకొని మిగిలిన సొమ్ము ఆ మనిషికే ఇస్తారు. అక్కడా ఎక్కువమంది వట్టి చేతులతోనే పోతారు. కాని దొరికినవాడు దొంగలా నడుచుకోనక్కరలేదు. ఇటువంటి ఏర్పాటు మన జిల్లాలో మేము చూడలేదు. ఎందుకు ఉండకూడదో అడగవలసినవారు అడగాలి.

ఇక పొలం ఆసామి మాటకు వద్దాము. మేము పోయిన రోజున ఒక రైతు గొర్రు తోలి విత్తనం వేసిన చేను చుట్టూ కంప కొట్టి, గట్టున కర్ర పట్టుకొని కూర్చున్నాడు. “వాళ్లను తిట్టనీకి నోరు రాదు సామీ, వాళ్లూ నా మాదిరోళ్లే. కానీ మొలక తొక్కితే నాకు ఈ ఏడు ఏమి మిగుల్తుంది?” అన్నాడు. పక్క చేను బీడు. అందులో నలభైమందిదాకా తిరుగుతున్నారు. ఇతని చేను దగ్గరికి రాగానే వారి చూపు కంప మీదుగా లోపలికి పోతున్నది. లోపలున్నదే మంచిరాయి అన్నట్టు.

ఈ సంగతంతా మేము పనిగట్టుకొని వ్రాయడానికి అసలు కారణం వేరే ఉంది. మా సంఘంలో ఒక కుటుంబం ఐదేళ్లుగా ప్రతి జూన్‌లో వజ్రకరూరుకు పోతున్నది. పేరు చెప్పము. భర్త, భార్య, ఇద్దరు పిల్లలు. జూన్ రెండో వారంలో బడులు తెరిస్తే ఈ పిల్లలు జూలైలో బడికి వచ్చేవారు. మొదటి సంవత్సరం పది రోజులు, తరువాత పక్షం రోజులు, నిరుడు నెల దాటింది. ఆ నెల కూలి పోయింది, ఉన్న రెండెకరాలలో విత్తనం అదును తప్పింది, తిండి ఖర్చుకు భార్య కమ్మలు కుదువలోకి పోయాయి. ఈ సంవత్సరం మే నెలలో ఒక ఆదివారం ప్రార్థన విన్నపాల పెట్టెలో ఆయన చీటీ వచ్చింది. ఈ ఏడైనా వజ్రం దొరికేటట్టు సంఘం ప్రార్థించాలని దాని సారాంశం. ఆ చీటీనే ఒక నోటి నుండి మరొక నోటికి చెప్పుకొని కొందరు నవ్వుకున్నారు.

నవ్వినవారిలో ఒకరు తన చేనులో నాలుగో బోరు వేయించి అప్పటికి మూడు నెలలు. నాలుగూ ఎండిపోయినవే.

చదువరులారా, ఈ పీఠభూమి మీద దాచినదానిని వెదకనివారు ఎవరు? అరచేతిలో టెంకాయ నిలబెట్టుకొని, వేపపుల్ల పట్టుకొని నడిచేవానికి డబ్బిచ్చి, అతడు ఆగిన చోట ఐదువందల అడుగులు, ఎనిమిదివందల అడుగులు దించుతున్నాము. దుమ్ము తప్ప ఏమీ రాకపోతే పది గజాల అవతల మళ్లీ దించుతున్నాము. వజ్రం వెదికేవాడు ఒక నెల కూలి పోగొట్టుకుంటాడు. బోరు వెదికేవాడు కొన్నిసార్లు చేనే పోగొట్టుకుంటాడు. వానికి ఆశపోతు అని పేరు, వీనికి కష్టజీవి అని పేరు. మా ఆవరణలో కూడా ఒక ఎండిన బోరు ఉంది గనుక ఈ మాట మమ్మల్ని కూడా కలుపుకొనే వ్రాస్తున్నాము.

ఆ చీటీని మేము బలిపీఠం దగ్గర చదవలేదు, పారవేయనూ లేదు. బుధవారం సాయంత్రం వారి ఇంటికి పోయాము. ఆయన సిద్ధంగా ఉన్నాడు. బైబిలు తీసి మత్తయి సువార్త 13వ అధ్యాయం 44వ వచనం మా ముందు పెట్టాడు. “పొలంలో ధనం దొరికినాయప్ప కలిగిందంతా అమ్మేసినాడని ప్రభువే చెప్పినాడు గదా అయ్యగారూ. నేను చేసేది తప్పెట్లయితాది?”

ఆ ఉపమానం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించి ఉంటామో లెక్కలేదు. ప్రతిసారి నేరుగా పరలోకరాజ్యానికి ఎక్కిపోయాము. వజ్రకరూరు చేనుకు పాతిక మైళ్ల దూరంలో దానిని అక్షరాలా నమ్మి కమ్మలు కుదువబెట్టినవారు మా ఎదుటి బల్లల మీదనే కూర్చున్నారని మాకు తట్టలేదు. సిగ్గుగానే ఒప్పుకుంటున్నాము. ఆ రాత్రి ఆ వచనాన్ని ముగ్గురమూ, పిమ్మట ఆయన భార్య కూడా, మెల్లగా ఒక్కొక్క మాటా చదివాము. మేము కాదు, ఆమే పట్టుకున్నది. “ముందు దొరికింది. దొరికినాక అమ్మినాడు. మనం దొరక్కముందే అమ్ముకుంటాండాం.”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఆ మనిషి పొలం ఆసామికి ఎందుకు చెప్పలేదు, అది న్యాయమా అని అడిగాడు. మంచి ప్రశ్నే. వ్యాఖ్యానకర్తలు కూడా దాని దగ్గర తడబడ్డారు. ప్రభువు ఆ మనిషి తెలివిని కాక సంతోషాన్ని చూపిస్తున్నాడని మా సమాధానం. అయినా ఒకటి నిజం, ఆయన రాత్రిపూట కంప దాటి లోపలికి పోలేదు, ఉన్నదంతా ఇచ్చి ఆ నేలనే కొన్నాడు. ఇంటికి వచ్చాక మేము యోబు గ్రంథం 28వ అధ్యాయం తెరిచాము. గనులు తవ్వేవారి పనితనాన్ని అంత మెచ్చుకొంటూ వర్ణించిన అధ్యాయం బైబిలులో మరొకటి లేదు. డేగ కన్ను కూడా చూడని దారిలో మనిషి పోతాడని చెప్పి, జ్ఞానం మాత్రం ఏ గనిలో ఉందని అడుగుతుంది. వెదకడాన్ని అది ఎక్కడా తప్పు పట్టలేదు.

ఆ రాత్రి మేము ఏమి ప్రార్థించాము? వజ్రం కోసం ప్రార్థించలేదు. అప్పు తీరే దారి కోసం, పిల్లల కోసం, కమ్మల కోసం ప్రార్థించాము. అవును, కమ్మల కోసం, ఆమె అడిగింది గనుక. చివరకు ఒక ఒప్పందం కుదిరింది. ఆయన ఒక్కడే పోతాడు, పది రోజులు మాత్రమే. రెండో వాన పడిందంటే పది రోజులు కాకపోయినా తిరిగి వచ్చి విత్తుతాడు. పిల్లలు మొదటి రోజు నుండే బడికి పోతారు, తల్లి కూలికి పోయిన దినాలలో మా ఇంట్లో తింటారు. పూర్తిగా మాన్పించలేకపోయారే అని మాతోటి సేవకులొకరు అన్నారు. మాన్పించి ఆయన చేతిలో ఏమి పెట్టగలమో వారు చెప్పలేదు.

మేము అవ్వతో వెళ్లిన రోజున ఆయన అక్కడే ఉన్నాడు. మమ్మల్ని చూసి మొదట మొగం చాటేశాడు గాని, తరువాత తానే వచ్చి తొమ్మిదో రోజు అని చెప్పాడు. ఏమీ దొరకలేదు. మరునాడు సాయంత్రానికి ఊరు చేరాడు. ఆ వారమే చెనక్కాయ విత్తాడు. ఇది వ్రాసే నాటికి పైరు మోకాలికింద ఉన్నది, వాన కోసం చూస్తున్నది. కమ్మలు ఇంకా కుదువలోనే ఉన్నాయి.

అవ్వ మాత్రం ఆ రోజు ఊరుకోలేదు. మేము చెట్టు కింద మాట్లాడుతుండగా ఆమె కొంగు నడుముకు చుట్టి బీడులోకి దిగింది. ఎనభై దాటిన మనిషి గంటసేపు వంగే ఉంది. తిరిగి వచ్చి పిడికిలి విప్పితే, చిక్కుడు గింజంత తెల్లని రాయి. ఎండలో తళుక్కుమన్నది. పక్కనున్న నలుగురూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. అవ్వే నవ్వి, “కూర్చోండప్పా, పలుగురాయి. నాకు తెలీదా” అన్నది.

ఆ రాయిని పారవేయనివ్వలేదు. ఇంటికి తెచ్చి, మనవడు దాచిపోయిన డబ్బాలలో గుట్ట కొన మీద ఉన్నదానిలో పెట్టమని మా సండే స్కూలు పిల్లలకు ఇచ్చింది. నోటుపుస్తకంలో ఆమె పేరు మేమే వ్రాశాము. పక్కన ఆమె వేలిముద్ర.

పోయిన శనివారం పిల్లలు గుట్టెక్కి ఆ డబ్బా తెచ్చి చూపించారు. రాయి లేదు. దాని బదులు పచ్చి చెనక్కాయలు మూడు ఉన్నాయి. పుస్తకంలో పేరు లేదు గాని, పెన్సిలుతో వేసిన ఒక గొర్రె బొమ్మ ఉన్నది, నాలుగు కాళ్లూ ఒకే వైపు. గుట్ట మీద మందలు తోలేవారు ముగ్గురు నలుగురున్నారు, వారిలో ఎవరో తెలియదు. అవ్వకు బొమ్మ చూపించి విషయం చెప్పాము. ఆమె కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, చెనక్కాయ ఒకటి ఒలుచుకొని, “పాపం, ఈ పొద్దు యా బేరగాని దగ్గరికి పోయినాడో ఏమో. ఎవరైనా పోయి చెప్పండప్పా” అన్నది.